ఒక్క స్థాయి వెలుగు

విద్యుదయస్కాంత తరంగాల విస్తృతి ఎంతో పెద్దది. అందులో మన కంటికి ఆనేది చిన్న ముక్క. ఆ ముక్కే ఎందుకు? ఎలాగో అలా తగిలిన వాటానా, లేక మరోలా ఉండే వీల్లేదా? సుభద్ర, మాధవి వాదించుకున్నది దీని మీదే. సుభద్ర గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. మాధవి ఆమె తమ్ముడి భార్య, కంటి డాక్టరు. ఇంటర్ పిల్లల కోసం సుభద్ర రాస్తున్న పాఠంలో ఒక వాక్యం మాధవికి నచ్చలేదు. అక్కడ రాజుకుంది. వింటూ కూర్చున్న నేను ఎవరి పక్షమో దాచుకోదలచుకోలేదు, మధ్యలో చెబుతాను.

మాధవి: వదినా, ఈ వాక్యం మార్చాలి. దృశ్యకాంతికి ప్రకృతిలో ఏ ప్రత్యేకతా లేదు, మన కన్ను పట్టుకుంటోంది కాబట్టి దానికి ఆ పేరు అని రాశారు. ఇది చదివిన పిల్లవాడు కంటికి ఆ ముక్క లాటరీలో తగిలిందనుకుంటాడు.

సుభద్ర: అనుకుంటే నష్టమేముంది? లెక్క చూడు. ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ అల పొడవు దాదాపు 358 మీటర్లు. అక్కణ్నుంచి ఒక పికోమీటరు పొడవుండే గామా కిరణం దాకా వెళదాం. హార్మోనియం మీద షడ్జం నుంచి పై షడ్జానికి పోతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది కదా. ఆ కొలతతో కొలిస్తే ఈ మధ్యలో 48 స్థాయిలు పడతాయి. మనకు కనబడేది 380 నుంచి 750 నానోమీటర్ల వరకు. అంటే ఒక్క స్థాయి, అదీ నిండుగా లేదు. పుస్తకాల్లో మాత్రం ఆ ఒక్కదాన్ని నడిమధ్యన పెట్టి, ఏడు రంగులూ వేసి, సాగదీసి చూపిస్తాం. మిగతా 47 స్థాయిలూ దానికి అటూ ఇటూ కాపలా కాస్తున్నట్టుంటాయి. పిల్లల మనసులోంచి ముందు ఆ బొమ్మను తీసెయ్యాలి.

మాధవి: బొమ్మ సంగతి ఒప్పుకుంటాను. కానీ చిన్నది కాబట్టి ప్రత్యేకం కాదనడం ఎలా కుదురుతుంది? ఆ హద్దులు అక్కడే ఎందుకున్నాయో చెప్పకుండా పేరు మాత్రమే చెబితే పాఠం సగంలో ఆగినట్టే.

సుభద్ర: హద్దులు కాంతిలో లేవు మాధవీ. 1800లో విలియం హెర్షెల్ పట్టకంలోంచి వచ్చిన రంగుల మీద థర్మామీటర్లు పెట్టి, ఏ రంగుకి ఎంత వేడి ఉందో కొలిచాడు. ఎరుపు అయిపోయి ఏమీ కనబడని చోట పెట్టిన థర్మామీటరే అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది. ఎరుపు దగ్గర ఏదో ముగిసిందన్న సంగతి ఆ పాదరసానికి తెలియలేదు. మరుసటి ఏడాది యేనాలో రిట్టర్ అటు చివర చూశాడు. ఊదా దాటిన చీకట్లో వెండి క్లోరైడు ఇంకా వేగంగా నల్లబడింది. ఆ తర్వాత మాక్స్‌వెల్ 1865లో సమీకరణాలు అచ్చు వేశాడు. విద్యుదయస్కాంత తరంగం వేగం లెక్కగడితే కాంతి వేగమే వచ్చింది. 1887లో హెర్ట్జ్ ఆ తరంగాల్ని ప్రయోగశాలలో పుట్టించాడు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల పొడవున్న అలల్ని పుట్టించి, వాటితో కాంతి చేసే పనులన్నీ చేయించాడు, వంచాడు, పరావర్తనం చెందించాడు. వీళ్లలో ఎవరికీ, ఇక్కడితో ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైంది అనే అతుకు కనబడలేదు.

ఇదిగో, టీవీ రిమోట్ తీసుకో. ముందు కొనలో ఉన్న ఆ చిన్న బుడిపెను చూస్తూ బటన్ నొక్కు. ఏమీ లేదు కదా. ఇప్పుడు ఫోన్‌లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి దాని ముందు నొక్కు.

మాధవి: వెలుగుతోంది. కాస్త ఊదా కలిసిన తెలుపు. మిణుకుమిణుకుమంటోంది.

సుభద్ర: మామూలుగా అది 940 నానోమీటర్ల పరారుణం. ఆ ఊదా రంగు కెమెరా తనకు తోచినట్టు వేసుకున్నది. వెనక కెమెరాలో చాలా ఫోన్లకి ఇది కనబడదు, పరారుణాన్ని ఆపే గాజు ముక్క అడ్డం పెడతారు కాబట్టి. సిలికాన్‌కి 940 కనబడుతుంది, నీ కంటికి కనబడదు. అంతే తేడా. హద్దు చూసే పరికరంలో ఉంది, కాంతిలో లేదు.

మాధవి: నేనూ అదే అడుగుతున్నాను. ఈ పరికరం ఇక్కడే హద్దు ఎందుకు పెట్టుకుంది? సూర్యుడు ఎక్కువగా వెలిగేది దృశ్యకాంతిలోనే కదా. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,770 కెల్విన్లు. ఆ వేడికి వర్ణపటం శిఖరం 500 నానోమీటర్ల దగ్గర వస్తుంది. పగటిపూట మన కన్ను అన్నిటికంటే బాగా పట్టేది 555. సూర్యుడు ఏది ఎక్కువ పెడితే కన్ను అది తినడం నేర్చుకుంది. మా మెడికల్ కాలేజీలోనే చెప్పారిది.

సుభద్ర: మా కాలేజీలో నేనూ చెప్పాను, తర్వాత మానేశాను. ఆ శిఖరం గ్రాఫు గీసే పద్ధతిని బట్టి కదులుతుంది. ఒక్కో నానోమీటరుకి ఎంత శక్తి వస్తోందని లెక్కేసి గీస్తే శిఖరం 500 దగ్గర ఉంటుంది. ఒక్కో హెర్ట్జ్‌కి ఎంత అని గీస్తే అదే సూర్యుడు, అదే ఎండ, శిఖరం మాత్రం 880 నానోమీటర్లకు జరుగుతుంది. అది కంటికి కనబడని చోటు. రెండూ తప్పు లేని గ్రాఫులే. ఒక్కో నానోమీటరు గడిలో పట్టే హెర్ట్జ్‌లు నీలం వైపు ఎక్కువ, ఎరుపు వైపు తక్కువ. గడులు మారితే కుప్పలు మారతాయి. కన్ను ఈ రెండు గ్రాఫుల్లో ఏది చూసి తనని తాను దిద్దుకుందంటావు? ఇంకో సంగతి కూడా ఉంది. నేల మీదికి చేరే ఎండలో సగానికి పైగా పరారుణమే. నీ కన్ను కంచంలో సగం ముట్టుకోకుండా లేచిపోతోంది.

(ఇక్కడ సుభద్ర మాటే సరైంది. సూర్యుడి శిఖరానికి కంటిని ముడిపెట్టే మాట ఎన్నో పుస్తకాల్లో ఉంది, వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ అది నిలబడదు. సూర్యుడు ఆ ప్రాంతంలో ధారాళంగా వెలగకపోతే చూపే లేదన్నది నిజమే. కాకపోతే అంత ధారాళంగా వెలిగే చోట్లు పక్కన ఇంకా ఉన్నాయి.)

మాధవి: సరే, సూర్యుణ్ని వదిలేస్తాను. కంటి లోపలికి రండి. రెటీనాలో కడ్డీ కణం ఉంటుంది. అందులో దాదాపు పది కోట్ల రొడాప్సిన్ అణువులు. ఒక్కోదాని నడుమ రెటినాల్ అనే చిన్న అణువు, విటమిన్ ఎ నుంచి వచ్చింది, మడిచి పెట్టినట్టు వంగి ఉంటుంది. ఫోటాన్ తగిలితే ఆ వంపు తీరి నిటారుగా అవుతుంది. సెకనులో లక్ష కోట్లో వంతు అనుకుంటే, అందులో ఐదో వంతు కాలంలో అయిపోతుంది ఆ పని. చూపంతా అక్కడ మొదలవుతుంది. ఇప్పుడు ఆ ఒక్క కదలికకి ఎంత శక్తి కావాలో చూడండి. ఎర్రటి ఫోటాన్‌కి ఉన్నది దాదాపు 1.7 ఎలక్ట్రాన్ వోల్టులు, ఊదా ఫోటాన్‌కి 3.1. రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఒంటి బంధాన్ని తెంపడానికి కావలసింది సుమారు 3.6. అంటే దృశ్యకాంతి ఫోటాన్ ఎలక్ట్రాన్‌ని కదిలించి అణువు ఆకారాన్ని మార్చగలదు, కానీ అణువుని విరగ్గొట్టదు. దిగువకి పోతే కదిలించే బలం చాలదు. ఎగువకి పోతే విరుగుతుంది. ఆ ఒక్క స్థాయి మీకు ఎక్కడ దొరికిందో అక్కడే ఈ పని జరుగుతుంది వదినా.

సుభద్ర: దిగువకి పోతే చాలదంటున్నావు. రేడియోలో చాలడం లేదా? ఆ రేడియో అలలతోనే కదా మనం వింటున్నాం. యాంటెన్నా లాంటి కన్ను ఎందుకు ఉండకూడదు?

మాధవి: మీ విజయవాడ కేంద్రం పంపే ఒక్కో ఫోటాన్‌కి ఉన్న శక్తి దృశ్యకాంతి ఫోటాన్‌లో దాదాపు అరవై కోట్లో వంతు. ఒక్కోటి ఒక్కో అణువుని కదిపే మాటే లేదు. కోట్లకు కోట్లు కలిసి లోహంలో ఎలక్ట్రాన్లని ఊపాలి. సరే, ఊపాయనుకుందాం. అప్పుడు బొమ్మ ఎలా పడుతుంది? కంటిపాప చీకట్లో 5 మిల్లీమీటర్లు తెరుచుకుంటే, 500 నానోమీటర్ల కాంతికి అది పది వేల అలల వెడల్పు. వివరంగా కనబడటం ఆ నిష్పత్తి మీద ఆధారపడి ఉంటుంది. హైడ్రోజన్ పంపే 21 సెంటీమీటర్ల రేడియోలో అంతే స్పష్టంగా చూడాలంటే కంటిపాప వెడల్పు ఎంతుండాలో మీరే చెప్పండి.

సుభద్ర: రెండు కిలోమీటర్లు దాటుతుంది. అందుకే పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు ముప్పై కట్టి పాతిక కిలోమీటర్ల మేర పరిచారు. సరే, రేడియో కన్ను వదిలేద్దాం. పరారుణం మాటేమిటి? పిట్ వైపర్ జాతి పాములు చీకట్లో ఎలకని దాని ఒంటి వేడితోనే పసిగడతాయి. పది మైక్రోమీటర్ల దగ్గర లోకమంతా వెలుగుతూ ఉంటుంది, దీపం అక్కర్లేదు. అంతకంటే లాభసాటి చూపు ఏముంది?

మాధవి: ఆ లోకంలో కన్ను కూడా ఉందిగా! మన ఒంటి వేడి 310 కెల్విన్లు. ఆ వేడికి ఒళ్లు వెలిగేది సరిగ్గా 9, 10 మైక్రోమీటర్ల దగ్గరే. రెటీనా వెలుగుతుంది, కటకం వెలుగుతుంది, మధ్యలో ఉన్న ద్రవమంతా వెలుగుతుంది. బయటి నుంచి వచ్చే బొమ్మ ఆ వెలుగులో మునిగిపోతుంది. పాము తన ముఖం మీది గుంటల్లో ఒక పల్చటి పొర ఎంత వేడెక్కిందో కొలుచుకుంటుంది. దాంతో ఎలక ఎటుందో తెలుస్తుంది గానీ ఎలక మీసాలు తెలియవు.

పది మైక్రోమీటర్ల దాకా పోనక్కర్లేదు. 750 దాటి కొంచెం ముందుకి వెళ్లినా చిక్కే. అణువు ఎంత తక్కువ శక్తికి కదిలేలా ఉంటే, కాంతి తగలకుండా ఒంటి వేడికే తనంతట తాను కదిలిపోయే అవకాశం అంత ఎక్కువ. మన రొడాప్సిన్ ఎంత గట్టిదంటే ఒక్కో అణువు అలా పొరపాటున కదలడానికి వందల ఏళ్లు పడుతుంది. అయినా ఒక్కో కడ్డీ కణంలో పది కోట్ల అణువులున్నాయి కాబట్టి, రెండు మూడు నిమిషాలకోసారి ఒక దొంగ సంకేతం వెళ్తూనే ఉంటుంది. 1942లో కొలంబియా విశ్వవిద్యాలయంలో హెక్ట్, ష్లేర్, పిరెన్ చీకటికి అలవాటు పడిన కళ్లని పరీక్షించారు. ఐదు నుంచి పద్నాలుగు ఫోటాన్లు కడ్డీ కణాల్లో ఇంకితే చాలు, మనిషి వెలుగు చూశానంటున్నాడు. అవి వందల కణాల మీద చెదిరి పడతాయి. అంటే ఒక్కో కణానికి ఒక్క ఫోటాన్ చాలన్న మాట. దొంగ సంకేతాలు అంత తక్కువ ఉన్నాయి కాబట్టే ఇది సాధ్యం. అణువుని పరారుణానికి పనికొచ్చేలా మెత్తగా చేస్తే, అమావాస్య రాత్రి కళ్ల ముందు లేనివన్నీ మిణుకుమంటాయి.

సుభద్ర: ఇది బాగుంది. ఇది పాఠంలో పెడతాను. కానీ ఎగువ హద్దు మాటేమిటి? తేనెటీగకి అతినీలలోహితం కనబడుతుంది. పొద్దుతిరుగుడు పువ్వు మనకి నిలువెల్లా పసుపే. దానికి మాత్రం నడుమ చీకటి, అంచున వెలుగు ఉన్న వలయం. పక్షులకీ ఆ చూపు ఉంది. వాటి అణువులు విరిగిపోవడం లేదే.

మాధవి: 300 దాకా దిగుతాయి, అంతకంటే దిగవు. చూపున్న జంతువుల్నన్నిటినీ కలిపితే 300 నుంచి మహా అయితే 800. మీ హార్మోనియం లెక్కలో ఒకటిన్నర స్థాయి దాటదు. కీటకాలకీ మనకీ కళ్లు వేర్వేరు దారుల్లో పుట్టాయి. అయినా అన్నీ వచ్చి ఇదే గదిలో కూర్చున్నాయంటే గది ముందే ఉందన్న మాట.

మన విషయానికొస్తే, అతినీలలోహితాన్ని పట్టే శక్తి మన రెటీనాకీ కొంత ఉంది. దాన్ని లోపలికి రానివ్వనిది కటకం. వెనకటి రోజుల్లో శుక్లం తీసేసి కటకం పెట్టకుండా వదిలేసేవాళ్లు. వాళ్లకి 400 లోపలి వెలుగు తెల్లటి ఊదాలా కనబడేది. ఇప్పుడు మేం పెట్టే కటకాల్లో దాన్ని ఆపే పదార్థం కలుపుతారు. ఎందుకు ఆపాలో నా దగ్గరికి వచ్చే వెల్డింగ్ కుర్రాళ్లని అడగండి. పగలు అద్దం లేకుండా రెండు అతుకులు వేస్తాడు. అప్పుడేమీ తెలియదు. రాత్రి పదకొండుకి రెండు కళ్లూ మూసుకుని, నీళ్లు కారుతూ, ఇసుక పడిందని ఏడుస్తూ వస్తాడు. రంగు చుక్క వేసి నీలం దీపం కింద చూస్తే, నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరంతా ఆకుపచ్చగా చుక్కలు చుక్కలు. ఆ పై కణాలు కాలిపోయాయి. ఒకటి రెండు రోజుల్లో కొత్తవి వస్తాయి కాబట్టి సరిపోయింది. రెటీనా కణాలు అలా మళ్లీ రావు. తేనెటీగ బతికేది వారాలు. మన కన్ను ఎనభై ఏళ్లు పనిచెయ్యాలి.

సుభద్ర: నీ దిగువ హద్దు కూడా అంత గట్టిదేం కాదు. వెయ్యి నానోమీటర్లు దాటిన పరారుణ లేజరుని మనుషులు చూశారు. 2014లో ప్రయోగం చేసి అచ్చు వేశారు. పైగా ఆకుపచ్చగా కనబడిందన్నారు!

మాధవి: ఆ ప్రయోగం నా పక్షమే మాట్లాడుతుంది వదినా. అది తీవ్రమైన లేజరు పల్స్‌లతో చేశారు. రెండు ఫోటాన్లు ఒకేసారి ఒకే అణువుని తగిలాయి. వెయ్యి నానోమీటర్ల ఫోటాన్లు రెండు కలిస్తే 500 నానోమీటర్ల ఫోటాన్‌కి ఉన్నంత శక్తి. అందుకే ఆకుపచ్చ. అణువు తన ధర తగ్గించుకోలేదు. ఇద్దరు కలిసి ఆ ధర చెల్లించారు.

సుభద్ర: మరి బాక్టీరియాల్లో 1,020 నానోమీటర్ల కాంతితో కిరణజన్య సంయోగక్రియ చేసేవి ఉన్నాయి.

మాధవి: ఉన్నాయి. వాటికి నీటిని విడగొట్టే పని లేదు, చీకట్లో ఒక్క ఫోటాన్‌ని గుర్తుపట్టే పనీ లేదు. అయినా చూడండి, అవి కూడా 1.2 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఆగాయి. ఐదు మైక్రోమీటర్లతో బతికేది ఒక్కటి కూడా దొరకలేదు. ఇంక నీళ్ల సంగతి. మొదటి కళ్లు సముద్రంలో పుట్టాయి. నీలం కాంతి తేటనీటిలో వంద మీటర్లు దాటి దిగుతుంది. పది మైక్రోమీటర్ల పరారుణానికి వెంట్రుక మందం నీరు చాలు, పూర్తిగా ఇంకిపోతుంది. కన్ను లోపలంతా నీరే కదా.

సుభద్ర: నీళ్లది కాదనను. ఇంతసేపూ కన్ను అక్కడ ఎందుకుందో చెప్పావు. అది అక్కడుండి ఏం చూస్తోందో కూడా చెప్పు. మ్యాచింగ్ సెంటర్‌లో చీర మీద పెట్టి జాకెట్టు గుడ్డ ఎంచుతాం. ట్యూబులైటు కింద రెండూ ఒకటే. ఇంటికొచ్చి ఎండలో పెడితే ఒకటి ఎర్రబడుతుంది, ఒకటి నీలానికి తిరుగుతుంది. రెండు అద్దకాలు వేర్వేరు తరంగదైర్ఘ్యాల్ని వేర్వేరు పాళ్లలో వెనక్కి పంపుతున్నాయి. నీ కన్ను ఆ మొత్తాన్ని మూడు రకాల శంకు కణాల దగ్గర మూడు అంకెలుగా కుదించేస్తుంది. మూడంకెలు కలిస్తే రెండూ ఒకటే అనేస్తుంది. అసలు రాణీ రంగు వర్ణపటంలో ఎక్కడుంది? ఏ తరంగదైర్ఘ్యమూ లేదు దానికి. ఎరుపూ నీలమూ ఉండి మధ్యలో ఆకుపచ్చ లేకపోతే కన్ను తనే కల్పించుకున్న రంగు అది. ఇలాంటి పరికరాన్ని నమ్ముకుని శాస్త్రం నడుస్తుందా?

మన ఊళ్లోనే జరిగింది చూడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. చంద్రుడి అంచు వెనకనుంచి ఎగసిపడుతున్న ఎర్రటి సౌరజ్వాలల మీదికి వర్ణపటదర్శిని తిప్పాడు. ప్రకాశవంతమైన గీతలు కనబడ్డాయి. ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చనుకున్నాడు. మర్నాడు మామూలు ఎండలో చూశాడు కూడా. ఆ గ్రహణంలో చాలామంది చూసిన గీతల్లో ఒకటి పసుపు. సోడియం గీతలుండేది 589 దగ్గర. అందరికీ పసుపంటే సోడియమే. మచిలీపట్నంలో పోగ్సన్‌కి మాత్రం అది సరిగ్గా అక్కడ లేదేమోనన్న అనుమానం వచ్చింది. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ కొలిచి చూస్తే సోడియం కాదని తేలింది. దాని చోటు 587.6. ఒకటిన్నర నానోమీటర్ల తేడా. అక్కడ ఉన్నది భూమ్మీద అప్పటికి ఎవరికీ తెలియని మూలకం, హీలియం. 1895లో రామ్సే లండన్‌లో ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని బయటికి తీశాడు. ఉత్త కంటికి ఆ రెండు పసుపులూ ఒకటే మాధవీ. పట్టకం, కొలబద్ద లేకపోతే హీలియం మన కళ్ల ముందే ఉండి కనబడకుండా పోయేది.

మాధవి: ఆ వర్ణపటదర్శినికి రెండో కొనలో ఏముంది వదినా?

సుభద్ర: ఏముంది, కన్ను.

మాధవి: ఫొటో పలక ఎందుకు పెట్టలేదు? అదే రోజు ఇదే గుంటూరులో మేజర్ టెనంట్ బృందం గ్రహణాన్ని ఫొటోలు తీసింది కదా.

సుభద్ర: తీసింది. కానీ ఆ రోజుల పలకలకి నీలం, ఊదా, అతినీలలోహితమే ఎక్కేవి. పసుపూ ఎరుపూ వాటికి చీకటి. 1873లో వోగెల్ పలక మీది పూతలో అద్దకం కలిపితే ఆకుపచ్చా పసుపూ కూడా పడతాయని కనుక్కున్నాక గానీ…

మాధవి: అంటే 1868లో 587.6 నానోమీటర్లని పట్టుకోగల సున్నితమైన పరికరం ఒక్కటే, మనిషి కన్ను. మీ వెండి లవణానికి 3 ఎలక్ట్రాన్ వోల్టుల వరకు కావాలి, రెటినాల్‌కి 2 చాలు. పట్టకం గీతల్ని విడదీసింది, నిజమే. విడదీశాక దాన్ని చూసింది మనిషి రెటీనా. మూడంకెల పేద పరికరమని మీరన్న దానిదే ఆ పని.

(నేను సుభద్ర వైపు నుంచి మాధవి వైపు జరిగింది ఇక్కడే. గుంటూరు గ్రహణం గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం గానీ, హీలియం ఫొటో పలక మీద కాకుండా మనిషి కంట్లో ముందు పడిందన్న సంగతి ఎక్కువమంది చెప్పగా వినలేదు. సుభద్ర కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమె వాదన మారింది, బలహీనపడలేదు.)

సుభద్ర: సరే, ఇలా చెబుతాను విను. నువ్వు చెప్పిన కారణాలన్నీ నిజం. కానీ ఒక్కటి కూడా కాంతిలో లేదు. ఎలక్ట్రాన్‌కి 2 వోల్టులు కావడం అణువు గుణం. విరిగేది అణువు. ఇంకేది నీరు. వేడికి వెలిగేది ఒళ్లు. మాక్స్‌వెల్ సమీకరణాల్లో 500 నానోమీటర్లకి ఏ పీఠమూ లేదు. జేమ్స్ వెబ్ టెలిస్కోపులో 5 నుంచి 28 మైక్రోమీటర్ల దాకా చూసే పరికరం ఉంది. నువ్వు చెప్పిన చిక్కే దానికీ ఉంది, తన వేడికి తనే వెలుగుతుంది. అందుకని దాన్ని 7 కెల్విన్లకి దిగువన చల్లగా ఉంచుతారు. ఆ చల్లబరిచే యంత్రంలో తిరిగే వాయువు ఏమిటనుకున్నావు? హీలియమే. కన్ను పెట్టుకున్న హద్దుని దాటాలంటే ఒంటివేడి వదిలెయ్యాలి, అంతే. హద్దు కాంతిది అయితే ఎవరం దాటేవాళ్లం కాదు.

మాధవి: కాంతిది అని నేనెప్పుడూ అనలేదు. కాంతికీ పదార్థానికీ మధ్య ఉన్నదంటున్నాను. మీరు ప్రకృతిలో ఏ ప్రత్యేకతా లేదని రాశారు. పదార్థం ప్రకృతి కాదా? పరమాణువుల బయటి ఎలక్ట్రాన్లు ఎక్కడైనా కొన్ని వోల్టుల బిగింపుతోనే ఉంటాయి. గుంటూరులో ఎంతో, ఇంకో నక్షత్రం పక్కన కూడా అంతే. రసాయనం జరిగే చోటల్లా దాన్ని మెల్లగా కదిలించే కాంతి ఈ ఒకటి రెండు స్థాయిల్లోనే ఉంటుంది. దాన్ని మన కంటి వాటా అనకండి. రసాయనం వాటా అనండి.

సుభద్ర: ఇంకో నక్షత్రం అన్నావు కాబట్టి అక్కడికే పోదాం. ప్రాక్సిమా సెంటారీ మనకి దగ్గరి నక్షత్రం, 4.2 కాంతి సంవత్సరాలు. ఎర్ర మరుగుజ్జు. ఉపరితలం దాదాపు 3,000 కెల్విన్లు. నానోమీటరు గడుల్లో గీసినా దాని శిఖరం వెయ్యి దగ్గర పడుతుంది. 2016లో దాని చుట్టూ ఒక గ్రహాన్ని కనుక్కున్నారు. అక్కడ ప్రాణమంటూ ఉంటే, దానికి దొరికే వెలుగులో చాలా భాగం పరారుణమే. రెండు మూడు ఫోటాన్ల శక్తిని దాచుకుని కలిపి వాడుకునే అణువులు అక్కడ ఎందుకు తయారు కాకూడదు? మన మొక్కలే నీటిని విడగొట్టడానికి ఒక ఫోటాన్ తర్వాత ఇంకో ఫోటాన్ వాడుకుంటున్నాయి కదా.

మాధవి: కావొచ్చు. ఆకులో అవుతుంది. ఆకు ఆగగలదు, కన్ను ఆగలేదు.

సుభద్ర: తేల్చే దారి ఉంది. మన ఆకులు 700 దాటగానే కాంతిని ఒక్కసారిగా వెనక్కి కొడతాయి. ఉపగ్రహాలు పంట పచ్చగా ఉందో లేదో చెప్పేది ఆ మెట్టుని చూసే. అలాంటి గ్రహాల నుంచి వచ్చే వెలుగుని విడదీసి చూడగలిగిన రోజున ఆ మెట్టు ఎక్కడుందో వెతుకుతారు. 750 దగ్గరుంటే నీ మాట, వెయ్యి దాటితే నా మాట.

మాధవి: వెయ్యి దాటినా నా మాటే వదినా, అక్కడ కూడా ఫోటాన్‌కి 1.2 ఉంది, ఎలక్ట్రాన్ కదులుతుంది. రెండు వేలు దాటితే ఒప్పుకుంటాను.

సుభద్ర: రెండు వేలా? సరే, పదిహేను వందలకి రా.

మాధవి: రెండు వేలే. అంతకంటే తగ్గను.